జిరాక్సు మీద రాసిన మందు పేరు

అత్తయ్యకు నమస్కారం.

ఫోన్లో చెబితే నవ్వి తీసిపారేస్తారని ఉత్తరం రాస్తున్నాను.

మీ వార్డు నర్సుల కోసం నేను రాసిన ప్రోగ్రామ్‌లో, రోగులకు పడని మందుల పేర్లు చేర్చినా నిలవడం లేదని మీరు మూడుసార్లు మొత్తుకున్నారు. మీకే సరిగా నొక్కడం రావట్లేదన్నాను. పక్కన నోటుబుక్కులో కూడా రాసుకుంటుంటే చాదస్తమన్నాను. మొన్న ఏడో బెడ్డు పెద్దాయనకు పడని ఇంజెక్షన్ పొడవకుండా ఆపింది ఆ చాదస్తమే.

నిన్న మీరొక మాటన్నారు. "రికార్డు రూములో అసలు కాగితం ఇవ్వరు, జిరాక్సు ఇస్తారు. దాని మీద ఎంత రాస్తే మాత్రం లోపలి ఫైలు మారుతుందట్రా?"

సరిగ్గా అదే జరిగింది. ప్రోగ్రాములో మేం 'మ్యాజిక్ గెట్' అని పిలుచుకునే ఏర్పాటొకటి ఉంది. జాబితా అడిగితే అది నకలు చేతిలో పెడుతుంది. మీరు చేర్చిన పేరు నకలు మీద పడి, నకలుతోనే పోయింది. కంప్యూటర్ హెచ్చరించింది కూడా. విసుగొచ్చి ఆ హెచ్చరికలు కనపడకుండా నేనే ఆపేశాను. ఈ ముక్క మా ఆఫీసులో ఇంకా చెప్పలేదు.

పదేళ్ళుగా ఇదే పనిలో ఉన్న నాకు తట్టనిది, కంప్యూటరంటే గిట్టని మీకు తట్టింది.

ఇప్పుడు పేరు చేర్చగానే జాబితా మొత్తం తిరిగి లోపల పెట్టేలా మార్చాను. పోయిన పేర్లు ఎక్కించడానికి సోమవారం వస్తాను. అవన్నీ ఇప్పుడు మీ నోటుబుక్కులో తప్ప ఇంకెక్కడా లేవు. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకండి. నాకైనా సరే, జిరాక్సే ఇవ్వండి.

మీ మేనల్లుడు