జాక్ అంకుల్ వంటింట్లో బీరు కాచిన సంగతి

గ్లాస్గో,
ఆదివారం సాయంత్రం

ప్రియమైన అక్కకి,

ప్రభువు పేరట నీ చెల్లెలు సునీత వందనాలు. నువ్వు, బావగారు, పిల్లలు క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను. చిన్నోడికి దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు. వేళకి తింటున్నాను. జూన్ వచ్చినా స్వెట్టర్ మాత్రం తియ్యలేదు. ఇక్కడ పడుకునే వేళకి కూడా వెలుగు పోదు, కర్టెన్లు వేసుకుని చీకటి చేసుకుంటున్నాం.

ఫోన్ చేస్తే ఎత్తట్లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నేను బీరు సీసాల పక్కన నవ్వుతూ నిలబడ్డ ఫోటో నా స్టేటస్‌లో చూసి రూతు పిన్ని నీకు చూపించిందట. "సంఘంలో స్త్రీల కూటం నడిపేది నేను, నా చెల్లెలు అక్కడ సారా కాస్తోందా" అన్నావని బావగారు చెప్పారు. బీరు కాచిన మాట నిజమే అక్కా. తాగలేదు. ఎందుకు కాచానో చెప్తాను, చదివాక తిట్టాలనిపిస్తే తిట్టు.

నేను ఇళ్ళకెళ్ళి చూసుకునే వాళ్ళలో జాక్ అంకుల్ అని ఒక పెద్దాయన ఉన్నాడు. ఓడలు కట్టే యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యాడు. భార్య లేదు. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడిచేతిలో పట్టు పోయింది. రోజూ పొద్దున్నే, ఆదివారం మాత్రం చర్చి అయ్యాక, వెళ్ళి స్నానం చేయించి, టిఫిన్ పెట్టి, మాత్రలు వేస్తాను. గురువారాలు మధ్యాహ్నమంతా ఆయన దగ్గరే ఉండాలి, అదీ డ్యూటీయే. నన్ను 'హెన్' అని పిలుస్తాడు. కోడిపెట్ట అంటాడేంటని మొదట్లో ఒళ్ళు మండింది. మనం 'అమ్మాయ్' అన్నట్టే అట, తర్వాత తెలిసింది.

ఆ 'హెన్' అన్న మాట తప్ప ఇంకో మాట ఉండేది కాదు. పెట్టింది సగం వదిలేసేవాడు. చెయ్యి తిరిగి రావాలని ఫిజియో ఆవిడ పిసకమని రబ్బరు బంతి ఇస్తే సోఫా వెనక్కి విసిరేశాడు. ఆయన కూతురు ఐలీన్ ఎడిన్‌బరా నుంచి ఆదివారాలు వస్తుంది. వచ్చిందంటే గొడవే. "ఇలాగే ఉంటే కేర్ హోమ్‌లో చేర్పిస్తాను నాన్నా" అని ఆవిడ, "నా శవాన్ని చేర్పించు" అని ఈయన.

ఒక గురువారం వంటింటి అల్మారా సర్దుతుంటే అడుగున పెద్ద స్టీలు గిన్నె, మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్టు, రబ్బరు గొట్టం కనిపించాయి. "ఇవేంటి అంకుల్?" అన్నాను. అప్పుడు తలెత్తి చూశాడు. పెళ్ళైన కొత్తలోంచి ఇంట్లోనే బీరు కాచుకునేవాడట. కొన్నది నోట పెట్టేవాడు కాదట. "ఇప్పుడా గిన్నె ఎత్తలేను హెన్" అన్నాడు.

"నేనెత్తుతాను" అనేశాను. అనేశాక బస్సులో ఇంటికొస్తూ నీ ముఖమే గుర్తొచ్చింది. మర్నాడు మేనేజర్‌ని అడిగాను. "ఆయన ఇల్లు, ఆయన ఇష్టం. చేయాలనిపించిన పని చేయించడమే మన ఉద్యోగం. మాత్రల సంగతి మటుకు డాక్టర్ని అడుగు" అంది. డాక్టరు క్లినిక్‌కి ఫోన్ చేస్తే, ఎప్పుడైనా అర గ్లాసుకి ఫర్వాలేదన్నారు. కావలసిన సరుకు ఐలీన్‌కి తెలియకుండా పక్కింటాయనతో తెప్పించాడు, మరో గురువారం మొదలుపెట్టాం.

పని నీకు అర్థమయ్యేలా చెప్తాను. నువ్వు పిల్లలకి రాగుల్ని మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి చేస్తావే, అలా మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ ఇది, బరకగా ఆడించింది. పల్చని గుడ్డసంచిలో పోసి వేడినీళ్ళలో గంటసేపు ఉంచాలి. నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండాలి గానీ మరగకూడదు. గింజలోని తీపంతా నీళ్ళలోకి దిగుతుంది. అంతా గింజలతోనే చెయ్యాలంటే పెద్ద పెద్ద గిన్నెలు కావాలట. అంతా డబ్బాలో దొరికే బార్లీ పాకంతో చేస్తే పరువు తక్కువట! అందుకని సగం గింజలు, సగం పాకం. ఆ పాకం అచ్చం బెల్లప్పాకంలా ఉంటుంది, గరిటెకి అంటుకుని ఒక పట్టాన రాదు.

సంచి తీసి జల్లెడలో పెట్టి, పైన ఇంకాస్త వేడినీళ్ళు పోశాను. చల్లారాక, ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని రెండు చేతులూ సంచి మీద వేశాడు. ఎడమచెయ్యి నొక్కింది. తర్వాత కుడిచేతి వేళ్ళు ముడుచుకున్నాయి అక్కా, నా కళ్ళతో చూశాను. గింజల్లోంచి రసం ధార కట్టింది. "ఎక్కువ పిండితే వగరొస్తుంది" అన్నాడు, అని ఇంకోసారి పిండాడు.

తర్వాత పాకం కలిపి మరిగించి, హాప్స్ అనే ఎండుపువ్వులు వేశాం. ముందు వేసినవి చేదుకి, దించే ముందు వేసినవి వాసనకి. నారింజ తొక్కా, మామిడి జీడీ కలిపి నలిపినట్టు ఇల్లంతా గుప్పుమంది. చల్లార్చి, బకెట్టులో పోసి, ఈస్టు చల్లి మూత పెట్టాం. పిండేసిన గింజలు పారెయ్యడానికి నాకు మనసొప్పలేదు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, గోధుమపిండి కలిపి రొట్టెలు కాల్చాను. ఆయన రెండు తిన్నాడు, కారం అంటూనే.

ఆ ఆదివారం నేను చర్చి నుంచి నేరుగా డ్యూటీకి వెళ్ళేసరికి ఐలీన్ బకెట్టు ముందు నిలబడి ఉంది. అది బుడబుడమంటోంది.

"స్ట్రోకొచ్చిన మనిషి చేత బీరు కాయిస్తావా? నీ ఉద్యోగం ఉంటుందనుకుంటున్నావా?" అంది. మేనేజర్‌ని అడిగే చేశానని చెప్పబోయాను. వీసా ఈ ఉద్యోగం మీదే ఉందని నీకు తెలుసుగా.

"దాన్ననకు. గింజలు పిండింది నేను, ఈ చేత్తో" అన్నాడు జాక్ అంకుల్.

"ఏ చేత్తో?"

ఆయన సింకులోంచి తడిగుడ్డ తీసుకుని కుడిచేత్తో పిండాడు. నీళ్ళు సన్నగా కారాయి. చివరి చుక్క దాకా వదల్లేదు. ఐలీన్ కోటు విప్పి కుర్చీకి తగిలించి, "సీసాల్లో ఎప్పుడు పోస్తారు?" అనడిగింది.

పోసిన రోజు ఆవిడ కూడా వచ్చింది. గొట్టం నేను పట్టుకుంటే మూతలు ఆవిడ బిగించింది. నువ్వు చూసిన ఫోటో అప్పుడు తీసిందే. సీసాల్లో కొన్నాళ్ళు ఉంచి, ఇవాళ మొదటిది తీశాం. ఆయనకి అర గ్లాసు, ఐలీన్‌కి ఒక గ్లాసు. నాకూ పొయ్యబోతే వద్దన్నాను, ఎందుకని వాళ్ళు అడగలేదు. నేను టీ తాగాను. తండ్రీ కూతుళ్ళు ఐలీన్ వాళ్ళమ్మ గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నారు. నేను వచ్చాక వాళ్ళు పోట్లాడుకోకుండా మాట్లాడుకోవడం ఇదే చూడ్డం. హోమ్ మాట చలికాలం దాకా ఎత్తనని వెళ్తూ నాతో చెప్పింది. చేతికి పూర్తిగా బాగవుతుందని ఎవరూ అనట్లేదు. కప్పు పట్టుకుంటున్నాడు, అంతవరకే.

వచ్చే నెల మళ్ళీ కాద్దామంటున్నాడు, సరేనన్నాను. నిన్ను అనుమతి అడగడానికి రాయట్లేదు అక్కా. నీకు తెలియకుండా చెయ్యడం ఇష్టం లేక రాస్తున్నాను. కూటంలో ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు, లేదా ఈ ఉత్తరం చదివి వినిపించు.

వీలైతే కందిపొడి పంపు, వెల్లుల్లి ఎక్కువ వేసి. బావగారికి, పాస్టరు గారికి, పాస్టరమ్మ గారికి నా వందనాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. రూతు పిన్నికి కూడా వందనాలు, నిజంగానే.

నా కోసం రోజూ ప్రార్థన చేస్తావని తెలుసు. ఆ కుడిచేతి కోసం కూడా చెయ్యి.

నీ చెల్లెలు,
సునీత