రాజ్యం అడిగిన ముగింపు

విజయనగరం, 1968
మంగళవారం రాత్రి

వారపత్రికలో మా వీధి ఆడవాళ్లమంతా చదివే సీరియల్ పెళ్లితో అయిపోయింది. తరవాత కథానాయిక సంసారం ఎలా సాగిందో నాలుగు నెలలుగా నేనే నోటుపుస్తకంలో రాసి, ప్రతి మంగళవారం వాళ్లకు చదవడానికి ఇస్తున్నాను. పోయిన నెల అందరికీ విసుగొచ్చింది. పుస్తకం ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగొచ్చేది. అది నేను ఓర్చుకోలేకపోయాను.

అందుకే పక్కింటి రాజ్యం ఏడుస్తూ నాకొక్కదానికే చెప్పుకున్నది రాసేశాను. కథానాయిక మొగుడు భోగాపురంలో ఇంకొకావిడతో కాపురం పెట్టాడు. పేర్లు తప్ప అంతా రాజ్యానిదే. ఈ వారం పుస్తకం ఏడిళ్లు తిరిగింది.

సాయంత్రం దాన్ని తిరిగి తెచ్చింది రాజ్యమే. చింపి నా మొహాన కొడుతుందనుకున్నాను.

"ఇది నా బతుకే కదేటే. నీకు తప్ప ఎవులికీ సెప్పలేదు," అంది. పుస్తకం నా చేతికిచ్చి గుమ్మంలోనే ఆగింది. తరవాత మెల్లగా అడిగింది. "మరి సివరికి ఆయన ఎనక్కొస్తాడేటి?"

రప్పించడం నాకు ఒక్క వాక్యం పని. కానీ వాడొచ్చేస్తే ఇంకెవరు చదువుతారు?

"వచ్చే మంగళారం తెలుస్తాదిలే," అన్నాను. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, కాఫీ చేతికిచ్చి, భోగాపురం నుంచి కొత్త కబురేమైనా వచ్చిందా అని అడిగాను.