చూపుడు వేలు లేని మచ్చ

బాలల సంరక్షణ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

పాప వీపు మీది చేతి మచ్చలో చూపుడు వేలు ఎక్కడుందో తమరు వెతికారా?

విషయం: బిడ్డ వీపు కాల్చిందని మా చెల్లెలిపై మోపిన అభియోగమును రద్దుపరచి, పాపను తల్లికి అప్పగించుట గురించి.

1. నేను వారమంతా కలప మిల్లులోను, ఆదివారం మైదానంలో జరిగే ప్రార్థన సభలోను పనిచేయువాడను. మిల్లు రంపం నా కుడి చూపుడు వేలు తీసుకుంది. అది లేకపోయినా లోకాన్నంతా వేలెత్తి చూపడం నేను మానలేదని మనవి.

2. గత ఆదివారం మిట్టమధ్యాహ్నపు సభలో, వచ్చినవారి దాహం తీర్చుటకై నిమ్మకాయలు స్వహస్తముతో పిండితిని. చేయి కడుక్కోలేదు. ప్రసంగం గొంతు దాకా వచ్చాక కడుక్కోవడం ఎవరికి గుర్తుంటుంది? ఆ తడి కుడి చేత్తోనే మేనకోడలి వీపు నిమిరి దీవించితిని. వీపు కనబడే గౌను వేసుకున్న పిల్ల, పొద్దు వాలేదాకా ఎండలో ఆడింది.

3. రెండు రోజులకు నేను నిమిరిన చోటే, చేతి ఆకారంలో బొబ్బలు లేచి నల్లబడ్డాయి. బైబిలు లేఖనంలో చర్మపు మచ్చలకు ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. నాకది కంఠతా వచ్చు. అదే కొంప ముంచింది. బుధవారం సభలో పాపను వేదిక ఎక్కించి, "ఈ ఇంట్లో దాచిన దోషం ఉంది! ఈ చెయ్యి ఎవరిదో ఒప్పుకోండి!" అని మైకులో గర్జించాను. తమ సిబ్బంది ఆ గర్జన విని వచ్చి పాపను తీసుకువెళ్ళారు. నా ప్రసంగానికి ఒక మనిషి కదలడం అదే మొదటిసారి.

4. నా మణికట్టు మీదా అవే మచ్చలు. దేవుని సేవలో పడిన శ్రమకు గుర్తులని ఊరందరికీ చూపించుకున్నాను. చర్మ వైద్యురాలు చూసి, "నిమ్మరసం ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే ఇలాగే కాలుతుంది. ఇది శ్రమ కాదండీ, షర్బతు" అన్నారు. వారి చీటీ జతపరచడమైనది.

5. చెల్లెలివి బట్టలు కుట్టి బతికే చేతులు. ఐదేసి వేళ్ళూ ఉన్నాయి. తను నన్ను తిట్టనైనా లేదు. "అన్నయ్యా, దేవుడితో తర్వాత మాట్లాడుదువుగానీ, ముందు ఆ ఆఫీసరు గారితో మాట్లాడు. అది నా చెయ్యి పట్టుకోకపోతే నిద్రపోదు" అంది.

కావున చిత్తగించవలసినది నా అక్షరాలను కాదు, నా అరచేతిని.

తమ విధేయుడు,
మిల్లు బోధకుడు

తా.క.: తమ గది బయట బల్ల మీదే కూర్చున్నాను. సబ్బుతో కడుక్కునే వచ్చాను. గ్రంథం సంచిలోనే ఉంటుంది, ప్రసంగం చేయనని మాట ఇస్తున్నాను. తలుపు తీయండి బాబూ! ఆ మచ్చ పక్కన ఈ చెయ్యి పెట్టి చూడండి. చీకటి పడకముందే, ఇవాళే, దాన్ని వాళ్ళమ్మ దగ్గరికి పంపండి!