అయిదో భాగం దొరికింది

తమ్ముడు మల్లేశ్‌కు,

అడిక్‌మెట్ నుంచి మీ అక్క స్వరూప దీవెనలు. నువ్వు మంచిగున్నవా? బాపమ్మ మోకాళ్లు ఎట్లున్నయి? పెద్దబాపు బీపీ గోళీలు రోజు ఏసుకుంటుండా? నేను గీడ మంచిగనే ఉన్న, నా గురించి రంది పెట్టుకోకుండ్రి.

ఫోన్ ఉండంగ ఈ ఉత్తరమేంది అనుకుంటవేమో. ఫోన్ల బాపు పేరు ఎత్తంగనే "సిగ్నల్ లేదక్కా" అని పెట్టేస్తవ్. కాయితమైతే కోపమొచ్చినా పక్కకు పెట్టి మళ్ల తీసి చదువొచ్చు. ఆఖరిదాక చదువు, గంతే నేను అడిగేది.

వారం సంది ముసురు. రూంల బట్టలు ఆరుతలేవు. హాస్టల్ సీటు ఇంక రాలే. నాతోని ఉన్న పిల్లకు పెండ్లి కుదిరి ఊరికి పోయింది, ఒక్కదాన్నే ఉంటున్న. పచ్చిపులుసు, అన్నం చేసుకుంటున్న గని ఒక్క మనిషికి ఎంత బియ్యం పొయ్యాల్నో ఇప్పటికీ తెలుస్తలేదు. రోజు మిగులుతది. కడుపునిండ తింటున్ననని బాపమ్మకు చెప్పు.

శనివారం సెలవు, క్లాసులుండయి. రూంల కూసోలేక క్యాంపస్ల నుంచి నడుసుకుంట తార్నాక దాక పోత. గాడ ఒక గల్లీల పాత పుస్తకాల దుకాణమున్నది. ముంగట అన్నీ పోటీ పరీక్షల గైడ్లే. లోపటికి పోతే జానపద నవలలు, మాంత్రికులు, రెక్కల గుర్రాలు, మాట్లాడే చిలుకలు. మొదటి అచ్చు పుస్తకాలు అద్దాల బీరువల పెట్టి తాళమేస్తరు. అవి దాచిపెట్టుకునేటోళ్లు వేరే ఊర్ల నుంచి గూడ వస్తరట. దుకాణపాయన గుంటూరు దిక్కు ముసలాయన, ఇప్పుడు మాణికేశ్వర్ నగర్ల ఉంటడు. కొనకున్నా ఏమనడు. ఒక్కోనాడు పొద్దంత నేను మాట్లాడేది ఆయనతోనే.

ఆ బీరువల మన నవల కనబడ్డది మల్లేశ్. బాపు చదివి వినిపించిన నవలనే. అట్ట మీద అదే నల్ల గుర్రం. అయిదు భాగాలు వరుసగ నిలబెట్టి ఉన్నయి. నువ్వు పొయ్యిల ఏసినవి నాలుగే గద.

కోపం తెచ్చుకోకు. అమ్మ పోయిన ఏడు, మధ్యాహ్నం పూట పొలంల మోటరు కాడ కూసోని బాపు ఆ నాలుగు భాగాలు మనకు చదివిండు. మాంత్రికుడు రాణిని రాయి చేస్తడు, కొడుకు ఆమెను లేపే నీళ్ల కోసం బయలెల్తడు. నాలుగో భాగం గక్కడ అయిపోయింది. అయిదోది ఎక్కడ దొరుకలేదు, నేనే అల్లి చెప్త అన్నడు బాపు. ఆయన చెప్పిన కతల రాణి లేచి వస్తది. నీకు అప్పుడు ఆరేండ్లు. మోటరు కాడి రాయి మీద రోజు చెంబెడు నీళ్లు పోసినవ్. ఎన్ని నెలలు పోసినవో నాకు యాదికి లేదు. ఒకనాడు బడిల పిల్లలు నవ్విండ్రని ఇంటికొచ్చి నాలుగు పుస్తకాలు పొయ్యిల పెట్టినవ్. బాపు ఆపలేదు. అప్పటి సంది నీకు బాపు మాట అంటేనే నమ్మకం లేకుంట పోయింది. బాపు సంవత్సరీకం నేను చెయ్య అని మొన్న పెద్దబాపుతోని అన్నది గూడ అందుకేనని నాకెరుక.

అయిదో భాగం చూస్తనని అడిగిన. ఆ అయిదు పుస్తకాల సెట్టు ఇంకొకాయన ముందే చెప్పి పెట్టుకున్నడట. అయినా ముసలాయన తాళం తీసి, స్టూల్ ఏసి, "ఆయన వచ్చేదాకా చదువుకోమ్మా, పేజీలు మాత్రం మడవకు" అన్నడు. మూడు శనివారాలు గాడనే కూసోని చదివిన.

రెండో శనివారం కతల నీలమ్మ వచ్చింది. పడవ నడిపే ముసల్ది, మెడనిండ గవ్వల దండలు, ఎడమ కాలు కుంటుడు, కిరాయికి బదులు పాట అడుగుడు. బాపు అల్లిండనుకున్న మన నీలమ్మనే. ముందటి నాలుగు భాగాలల్ల ఆమె పేరు గూడ లేదు. ఆమె గురించి మనం బాపు నోటెంబడే ఇన్నం. అంటే బాపు అయిదో భాగం చదివిండు. దొరుకలేదన్నది అబద్ధం.

మూడో శనివారం ఆఖరు పేజీ చదివిన. కొడుకు నీళ్లు తెస్తడు. అప్పటికే రాయి పగిలి ఉంటది. ఆ నీళ్లు రాతి ముక్కల మీద పోసి, ముసలి తండ్రి చెయ్యి పట్టుకొని ఇంటికి తీస్కపోతడు. గంతే, కత అయిపోయింది.

నాకు ఏడుపు ఆగలే. ముసలాయన నీళ్లిచ్చిండు. ఎందుకని అడిగితే మొత్తం చెప్పిన. "మీ నాన్నగారు ఉన్నారా అమ్మా?" అన్నడు. లేడన్న. టేబుల్ ఫ్యాన్ నా దిక్కు తిప్పి, పోయి గైడ్లు సదురుకున్నడు.

బాపుకు అప్పటికి ముప్పై రెండేండ్లు. అమ్మ పోయి మూడు నెలలు కాలే. ఆ పేజీ చదివి, నీ మొకం చూసి, ఆ పుస్తకం ఎక్కడ పారేసిండో, ఎవరికిచ్చిండో. ఆయన చేసింది మంచిదని నేను చెప్తలేను మల్లేశ్. నువ్వు రాయి మీద నీళ్లు పోస్తుంటే చూసుకుంట ఊకున్నడు, అది తప్పే. గని అమ్మ ఇంక రాదన్న మాట నీతోని అనుటానికి ఆయనకు నోరు రాలేదు. నేను పరీక్ష రాసి వచ్చేటాళ్లకు బాపు పోయిండు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు.

మొన్న శనివారం ఆ సెట్టు చెప్పి పెట్టుకున్నాయన వచ్చిండు. మూలలు చూసిండు, పేజీలు లెక్కవెట్టిండు, ప్లాస్టిక్ కవర్లల్ల చుట్టుకొని తీస్కపోయిండు. ఒక్క లైను చదువలేదు. నాకు కొనే తాకత్ లేదు. ఉన్నా ఆ ఆఖరు పేజీ ఇంటికి తెద్దునో లేదో.

బాపమ్మకు, పెద్దబాపుకు, పెద్దమ్మకు నా దండాలు. నన్ను దీవించుమన్ననని చెప్పు. పసుపు పొడి అయిపోయింది, ఎవరన్న ఇటు వస్తే పంపు. సంవత్సరీకానికి నేను ముందురోజు బస్సుకు వస్తున్న. నువ్వు కూసుంటవో కూసోవో నీ ఇష్టం, నేను మళ్ల అడుగ.

ఒక్కటి మాత్రం రాసి పంపు. బాపు రాత్రిపూట ఇంట్ల ఆ కత చెప్తుంటే నేను పొయ్యి కాడ ఉంటుండె, సగం సగం ఇన్న. నీలమ్మ పడవ ఒడ్డుకు పెట్టిందాకనే నాకు తెలుసు. ఆయన ఒడిల కూసోని రోజు చెప్పించుకున్నది నువ్వు. రాణి ఎట్ల లేచింది? లేచి కొడుకుతోని మొదలు ఏమన్నది? ఇప్పుడు ఆ మాటలు నీకు తప్ప ఎవరికి తెల్వయి.

నీ అక్క,
స్వరూప