కాపీ తీయని ఫొటో

అన్నా,

రేపు నీ సంవత్సరీకం. నువ్వు ఉప్పల్ స్టేడియంలో నవ్విన ఫొటో ఒక్కటే మాకు మిగిలింది. మిగతావన్నీ నీ ఫోన్‌తోనే పోయాయి. "పక్కనున్నోళ్లను తీసేసి పటం కట్టియ్యి బిడ్డా" అంది అమ్మ.

నాచారం గదిలో నువ్వు నేర్పిన పైథాన్ కోడ్‌తోనే మొదలుపెట్టాను. ఫొటో అంటే అంకెల మాట్రిక్సే కదా, పక్కవాళ్లున్న గళ్లలో తెల్లరంగు అంకె నింపితే చాలనుకున్నాను. ఏ గడో చెప్పేటప్పుడు అడ్డవరస అంకె ముందు రాయాలి. నేను నిలువువరస ముందు రాసి, చూడకుండానే అదే ఫైల్‌లో సేవ్ చేశాను. తెరిస్తే నీ ముఖం ఉన్నచోట తెల్లటి చతురస్రం.

అప్పటికీ కంగారుపడలేదు. మొదట్లోనే కోడ్‌లో పాత మాట్రిక్స్‌కు ఇంకో పేరు పెట్టి దాచాననే ధైర్యం. దాన్ని తెరిచినా నువ్వు లేవు. నువ్వు నన్నెన్నిసార్లు తిట్టావో అప్పుడు గుర్తొచ్చింది: "ఇంకో పేరు పెడితే కాపీ అయితదా చెల్లె? పేర్లు రెండైనా మాట్రిక్స్ ఒక్కటే. ముందు కాపీ తీస్కో, తర్వాత ముట్టు."

వంటింట్లోంచి అమ్మ అడుగుతోంది: "అన్న మంచిగ కనవడ్తున్నడా బిడ్డా?"

నీ వెనక సీట్లో ఎవరో ఒకతను చప్పట్లు కొడుతున్నాడు. అతని పళ్లవరస కూడా స్పష్టంగా కనిపిస్తోంది, అన్నా.