కరెంటుకి భయపడ్డ బావమరిది

శుక్రవారం, నర్సీపట్నం

"అక్కని విశాఖ తీసుకెళ్లి కరెంటు పెట్టిస్తాను బావా" అని ముప్పై ఏళ్ల కిందట నా బావమరిది సన్యాసిరావు మాటిచ్చాడు. ఆ కరెంటు, అంటే రేడియేషన్, పెట్టే కోబాల్ట్ మిషనంటే అణుబాంబేనని బస్సులో ఎవడో అంటే జడిసి, దారిలో మాకవరపాలెంలోనే దింపేసి పసరు తాగించాడు. ఏడాది తిరక్కుండా ఆమె కేన్సర్‌తో పోయింది.

ఇవాళ వాడే తన కేన్సర్‌కి కరెంటు పెట్టించుకుని వచ్చి, మా గ్రానైట్ అరుగు మీద అరటిపండు తింటున్నాడు. "ఏటీ నొప్పి లేదు బావా, బేగి అయిపోనాది!"

"నీ కిందున్న రాతిలోనూ, నోట్లో పండులోనూ పుట్టుకతోనే రేడియేషన్ ఉందిరా. వాటికి జడవలేదు. మనిషి తయారుచేసిన మందుకే జడిశావు."

"అయితే పండు పారేసీమంటావేటి?" అని నవ్వాడు.

జబ్బునీ, దేవుణ్ణీ ఎప్పుడో క్షమించాను. సన్యాసిరావుని క్షమించలేదు.