ముందువరుసలో మొహం

ఆదివారం, రాత్రి

ఈ హిందీ ఊళ్లో మా తెలుగు సంఘం గోడ మీద నా బొమ్మ ఈ రోజు పూర్తయింది. ఉక్కు ఫర్నేసు ముందు ఆరుగురు కార్మికులు. అందరికంటే ముందున్నవాడికి సింహాచలం మావ పడుచునాటి మొహం పెట్టాను. ఇనప రేకు మీద సుద్దముక్కతో నాకు మొదటి గీత నేర్పిన మనిషి. పోయి చాలాకాలమైంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే ఆయన కొడుకు గుర్తుపడతాడనుకున్నాను.

ఆ కొడుకే సంఘం సెక్రటరీ అప్పారావు. సాయంత్రం వచ్చి చూశాడు.

"ఏటి భయ్యా, ఈ ముందున్నోడెవుడు? ఆ మొహం చెరిపీసి మన వార్డు పార్షద్ గారిది పెట్టీ. ఓపెనింగుకి ఆయనే వస్తన్నాడు."

"ఆ కార్పొరేటరెప్పుడైనా ఫర్నేసు దగ్గరకెళ్లాడేటి?" అన్నాను.

"బొమ్మలో నిలబడితే సెగ తగల్దులే!"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు.

మావ కనుబొమ్మ మీది కాలిన మచ్చ కూడా గీశాను. దాన్ని చూసైనా అప్పారావు ఆనవాలు పట్టలేదు. ఇంట్లో తండ్రి ఫోటోకి ఏటా దండ మారుస్తాడు. దండ తప్ప మొహం చూసినట్టు లేదు. ఇంతా చేసి ఆ పార్షద్ ఏమీ అడగనే లేదట! అధికారం ఎవరి మెడా వంచక్కర్లేదు, ముందే వంగి ఎదురొచ్చేవాళ్లు బోలెడుమంది.

"మీ నాన్నేరా" అని ఒక్క మాటంటే చాలు, ఆగిపోతాడు. బహుశా అందరి ముందూ ఏడుస్తాడు కూడా. ఆ ఏడుపు నాకక్కర్లేదు.

చెప్పను. రేపు పొద్దున్నే చెరిపేస్తాను. నిచ్చెన మాత్రం అప్పారావునే పట్టుకోమంటాను.